పెద్దప్రేగును తొలగించిన పిమ్మట

మలవిసర్జనమును గూర్చి నలుగురిలో మాటాడుటకు మనము సంకోచింతుము. ఆ సంకోచమువలన బాధపడువాడు రోగియే. కావున తల్లిదండ్రులెరుగదగిన యొక విషయమును ఇచ్చట వివరించుచున్నాను.

అల్సరేటివ్ కొలైటిస్ అను వ్యాధిలో పెద్దప్రేగు లోపలిపొర పుండ్లుపడి, నెత్తురుతో విరేచనములగును. ఇది బడియీడు పిల్లలకును రావచ్చును. మందులకు లొంగనిచో పెద్దప్రేగును, మలాశయమును తొలగింపవలసివచ్చును. పూర్వము ఇట్టివారిలో పెక్కుమందికి పొట్టపై రంధ్రము చేసి, శాశ్వతముగా వెలుపల సంచి తగిలించెడివారు. 1978లో లండను సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు పార్క్స్, నికల్స్ అనువారు చిన్నప్రేగు చివరిభాగమును మడచి కుట్టి, లోపలనే సంచిగా చేసి, గుదమునకు కలుపు పద్ధతిని ప్రకటించిరి. వారిది మూడు మడతల సంచి. జపాను వైద్యుడు ఉట్సునోమియా 1980లో ప్రకటించిన రెండు మడతల సంచియే నేడు హెచ్చుగా వాడుకలోనున్నది.

పెద్దప్రేగు ముఖ్యమైన పని నీటిని, ఉప్పును పీల్చుకొనుట. దినమునకు సుమారు లీటరు, లీటరున్నర ద్రవము దానిలోనికి వచ్చును. అందులో అధికభాగమును అది శరీరమునకు తిరిగి యిచ్చును. క్రొత్తసంచి ఆ పనిని అంతగా చేయజాలదు. అందుచే మలము జావవలె నుండును. పొట్టపై తాత్కాలికముగా నుంచిన రంధ్రమును మూసిన తొలివారములలో దినమునకు పది పర్యాయములకు మించియు పోవలసిరావచ్చును. నెలలు గడచినకొలది సంచి సాగి, ఎక్కువ పట్టుకొనును. ఏడాది నాటికి పెక్కుమందికి రేయింబవళ్లు కలిపి 4 నుండి 8 పర్యాయములగును. రాత్రి ఒకమారు లేచుట వింతకాదు.

ఈ సంఖ్యను చూచి వ్యాధి తిరుగబెట్టినదని బెదరవలదు. కాని అలవాటైన సంఖ్య హఠాత్తుగా పెరిగినను, నెత్తురు, జ్వరము, కడుపునొప్పి కనిపించినను సంచి వాచి యుండవచ్చును. దానిని వైద్యులు సాధారణముగా యాంటీబయాటిక్ మందులతో నయము చేయుదురు. కడుపుబ్బి, వాంతులై, మలము, వాయువు వెడలకున్నచో ప్రేగు అడ్డుపడియుండవచ్చును. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఉప్పు వేసిన గంజి, మజ్జిగ మేలుచేయును. అన్నము, అరటిపండు మలమును కొంత చిక్కపరచును. కారము గుదమును మండించును. తినుదానిని బాగుగా నమలవలెను. రాత్రిభోజనము పెందలకడ ముగించుట మంచిది. లోపెరమైడ్ వంటి మందులను వైద్యుని సలహాపైననే వాడవలెను.

పరాయిభాషా ప్రాంతమున నున్న మనవారు ఆసుపత్రి విడుచుటకు ముందే వైద్యుని సూచనలను అడిగి తెలిసికొని, తెలుగున వ్రాసికొనుట క్షేమము.

ఇక బడి మాట. తరగతినుండి మాటిమాటికి లేచుటకు సిగ్గుపడి, ఇట్టి బాలుడు తిండి, నీరు మానుకొనవచ్చును. అదియే పెద్ద అపాయము. నీరు, ఉప్పు తగ్గి వాడు సొమ్మసిల్లును. కనుక తల్లిదండ్రులు ఈ సంగతిని ప్రధానోపాధ్యాయునకు రహస్యముగానైనను తెలుపవలెను. ఉపాధ్యాయులు వానిని ద్వారము చెంత కూర్చుండబెట్టి, అనుమతి యడుగకయే వెళ్లనీయవలెను. పరీక్షలలోను ఈ సౌకర్యము కలిగింపవలెను. శస్త్రచికిత్స వానికి తిరిగి యిచ్చిన చదువును మన మౌనము హరింపకుండుగాక.