పడవలు మెట్లెక్కే కాలవలు

ఇంగ్లండులో సెలవులు గడపడానికి కొందరు పడవ అద్దెకు తీసుకుని కాలవల మీద తిరుగుతారు. ఆ పడవ వెడల్పు 7 అడుగులకు రెండంగుళాలు తక్కువ, పొడవు 70 అడుగుల దాకా ఉంటుంది. అందులోనే వంట, పడక అన్నీ. గంటకు 4 మైళ్ళు మించి పోకూడదు. గట్టు మీద చురుగ్గా నడిచేవాడు దాన్ని దాటిపోగలడు. నేనా దేశం చూడలేదు గాని, గోదావరి కాలవ గట్టున లాకులు చూస్తూ పెరిగినవాణ్ణి కనుక ఆ షికారు వెనకాల ఉన్న నీటి లెక్క మీద ఆసక్తి కలిగింది.

అంత సన్నని పడవ ఎందుకంటే, లాకులు సన్నవి కనుక. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు, చదువు అంతంత మాత్రమే, మిల్లు యంత్రాలు బాగుచేస్తూ పైకొచ్చిన మనిషి, 1766లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలవ తలపెట్టి లాకుల వెడల్పును 7 అడుగులకు కాస్త పైన ఆపేశాడు. అటు సొరంగాల ఖర్చూ, ఇటు నీటి ఖర్చూ కలిసొస్తాయి గదా! గట్టు మీద ఒక్క గుర్రం నడుస్తూ పాతిక టన్నుల బొగ్గు లాగేది. తర్వాత రైళ్ళు, లారీలు వచ్చాయి. 1962-63 చలికాలంలో కాలవలు గడ్డకట్టడంతో మిగిలిన సరుకు రవాణా కూడా దాదాపు ముగిసింది. ఇప్పుడు తిరిగేవి చాలావరకు షికారు పడవలే.

లాకు అంటే రెండు వైపులా తలుపులున్న రాతి తొట్టి. కింది నుంచి వచ్చిన పడవ లోపలికి వెళ్ళాక వెనక తలుపు మూసి, పై తలుపుకున్న తూములు వంకర హ్యాండిల్‌తో ఎత్తుతారు. పైనీరు దానంతటదే దిగి పడవను లేపుతుంది. పంపు లేదు, కరెంటు లేదు. రెండు పక్కలా నీటిమట్టం సమం అయ్యేదాకా తలుపును ఎంతమంది నెట్టినా కదలదు.

72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు లాకులో పడవ 7 అడుగులు లేస్తే 3,528 ఘనపుటడుగుల నీరు, అనగా సుమారు లక్ష లీటర్లు. ఎకరంలో అంగుళం నీరు పెడితే 3,630 ఘనపుటడుగులు. రెండూ ఇంచుమించు ఒకటే! ఈ లెక్క చెబితే మా నాన్నగారు, “ఒక్క పడవ ఎక్కడానికి ఎకరానికి అంగుళమా?” అని రెండుసార్లు అడిగారు. మా పొలం శివారులో ఉంది. నాట్ల రోజుల్లో వంతు నీటి కోసం రాత్రిళ్ళు గట్టున కాపలా పడుకున్న మనిషి ఆయన.

కాటన్ దొర 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి తీయించిన కాలవలు పొలాలకీ పడవలకీ కూడాను. నది నీరు పై నుంచి వస్తూనే ఉంటుంది. ఇంగ్లండు కాలవ అలాక్కాదు. గుట్ట దాటే పడవ నడినెత్తి నుంచి ఎక్కేటప్పుడొక లాకుడు, దిగేటప్పుడొక లాకుడు నీరు కిందికి దింపేస్తుంది. దాన్ని పూడ్చడానికి గుట్టల్లో చెరువులు కట్టారు. 2025లో వానలు లేక చెరువులు అడుగంటితే, లీడ్స్-లివర్‌పూల్ కాలవలో చాలా దూరం పడవలు ఆపేశారు.

అందుకే నీటి పొదుపు పడవవాడికి మర్యాదలో భాగం. పై నుంచి ఇంకో పడవ వస్తుంటే కిందివాడు ఆగాలి. అది దిగాక ఖాళీ అయిన లాకులోకే ఇతను పోతాడు. ఒకే లాకుడు నీటితో ఇద్దరి పనీ అయిపోతుంది. 1814 నాటి ఫాక్స్‌టన్ లాకులు మెట్లలా పది ఉన్నాయి, మొత్తం 75 అడుగుల ఎత్తు. అక్కడ పక్కనే చిన్న చెరువులున్నాయి, ఒక మెట్టు నీరు వాటిలో దిగి కింది మెట్టుకు అందుతుంది. తూములకు రంగులు వేశారు. ముందు ఎర్రది, తర్వాత తెల్లది ఎత్తాలి. తారుమారైతే నీరు గట్టు పొర్లుతుంది.

రోజు ప్రయాణానికి వాళ్ళ లెక్క సులువు. ఒక లాకును ఒక మైలుగా కట్టి, గంటకు మూడు చొప్పున వేస్తారు. పది మైళ్ళు, ఎనిమిది లాకులు అంటే ఆరు గంటలు. రోడ్డు మీద ఎడమ పక్కన పోయే ఆ జనం నీటి మీద మాత్రం కుడి పక్కన పోతారు! కట్టేసి ఉన్న పడవల పక్కన ఇంకా నెమ్మది చేయాలి, లేకపోతే అల తగిలి వాళ్ళ టీ ఒలికిపోతుంది. చీకటిపడే వేళకు గట్టున మేకులు దిగ్గొట్టి తాళ్ళు కడతారు. రాత్రి ఎనిమిది దాటాక పక్కవాళ్ళకు ఇబ్బందని ఇంజను కూడా వేయరు.