ఎండను చూడని లెక్క: భవనాల వెలుతురు సాఫ్ట్‌వేర్ నడిచిన దారి

పుదుచ్చేరిలోని శ్రీ అరవింద ఆశ్రమ వసతి గృహం పేరు ‘గోల్కొండ’. హైదరాబాద్ సంస్థాన దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం నుంచి అందిన విరాళం దాని నిర్మాణానికి ఆధారమైంది. ఆ పేరు అందుకు గుర్తు. ఆంటొనిన్ రేమండ్ 1930లలో రూపొందించిన ఈ భవనపు పొడవాటి ముఖాలు ఉత్తర, దక్షిణ దిక్కులకు ఉంటాయి. అద్దాల కిటికీలకు బదులు వరుసలుగా తిప్పగల అడ్డపలకలు అమర్చారు. అవి ఎండను ఆపి, గాలిని, వెలుతురును లోపలికి వదులుతాయి. కంప్యూటర్ లేని కాలపు పని ఇది.

కృత్రిమ దీపాల లెక్క మొదట కాగితంపైనే సాగేది. దీపాలన్నిటి కాంతిని కలిపి, గోడల రంగుకు, దుమ్ముకు కొంత తగ్గించి, నేల వైశాల్యంతో భాగిస్తే సగటు తేలేది. ఏ మూల చీకటిగా ఉంటుందో ఆ సగటు చెప్పదు. 1980లలో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ రూపొందించిన ‘రేడియన్స్’, ఒక్కొక్క కిరణం ఏ గోడను తాకి ఎటు మళ్లుతుందో గణించింది. 1994లో జర్మనీ నుంచి వచ్చిన ‘డయాలక్స్’ ఇటువంటి గణనను సాధారణ డిజైనర్ బల్లపైకి తెచ్చింది.

పగటి వెలుతురు విషయంలోనే చిక్కు వచ్చింది. చాలాకాలం వాడిన కొలమానం ‘డేలైట్ ఫ్యాక్టర్’: బయటి వెలుతురులో ఎంత శాతం గదిలోకి వస్తుందనే లెక్క. దానికి ఆధారం 1955లో అంతర్జాతీయంగా ప్రామాణికం చేసిన, పూర్తిగా మబ్బు పట్టిన ఆకాశం. మబ్బులే ఎక్కువైన ఉత్తర ఐరోపాకు అది సబబే. అయితే ఆ ఆకాశంలో సూర్యుడు లేడు, దిక్కులూ లేవు. చుట్టూ అడ్డులు లేని భవనాన్ని తూర్పుకు తిప్పినా, ఉత్తరానికి తిప్పినా అదే అంకె వస్తుంది. అంటే, గోల్కొండను దిక్కు చూసి కట్టడంలోని తెలివి ఈ లెక్కకు కనిపించదు. తెలుగులో ఎండ, వెలుతురు వేర్వేరు మాటలు; ఆ కొలమానానికి రెండో మాట ఒక్కటే తెలుసు. సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్న పుదుచ్చేరిలో కొరత వెలుతురుకు కాదు, దానితోపాటు వచ్చే వేడిని ఆపడమే కష్టం.

తరువాతి తరం సాఫ్ట్‌వేర్ ఆకాశాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడదీసింది. ఒక్కో ముక్క గదికి ఎంత వెలుతురిస్తుందో ముందుగా లెక్కగట్టి, ఆ ఊరి వాతావరణ వివరాలతో ఏడాదిలోని 8,760 గంటలకూ ఫలితం తేలుస్తుంది. మన దేశపు 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి కూడా 100 నుంచి 2,000 లక్స్ మధ్య వెలుతురునే ఉపయోగకరమైనదిగా లెక్కిస్తుంది. పైహద్దు పెట్టడమే ఇందులో అసలు మార్పు.

అయినా ఒక ఊహ తప్పదు. గోల్కొండలో పలకలను తిప్పేది మనుషులు. ఎవరు, ఎప్పుడు, ఎంత తిప్పుతారో సాఫ్ట్‌వేర్‌కు డిజైనరే చెప్పాలి. అందుకే వెలుతురు నివేదిక చేతికొచ్చినప్పుడు ఇంటి యజమాని రంగుల బొమ్మలకన్నా ముందు అడగవలసినవి రెండు: లెక్కలో వాడినది ఏ ఊరి ఆకాశం, పలకలు, తెరలు ఎప్పుడు మూసి ఉంటాయనుకున్నారు?