సూదంటురాయికి లొంగే నలుసులు

ఇత్తడి పళ్లెంలో నీరు పోసి, అయస్కాంతంగా మార్చిన సన్నని సూదిని బెండుముక్కకు గుచ్చి తేలవిడిస్తే, అది మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. నిలుస్తుందే గాని ఉత్తరపు అంచుకు కొట్టుకొనిపోదు. ఇంగ్లండులో దిక్సూచులు చేసే రాబర్ట్ నార్మన్ ఈ సంగతిని గమనించి 1581లో తన పుస్తకంలో వ్రాశాడు. అదే పళ్లెం అంచున ఒక దండాయస్కాంతాన్ని పెడితే, సూది పరుగున వచ్చి దానివైపు అంచుకు తగులుకొంటుంది.

ఈ భేదానికి కారణం ఏమిటి? భూమి అయస్కాంత క్షేత్రం పళ్లెమంతటా ఒకే తీరుగా ఉంటుంది. అది సూది ఒక కొనను ఎంత బలంతో ముందుకు లాగుతుందో, రెండవ కొనను అంత బలంతోనే వెనుకకు లాగుతుంది. దండాయస్కాంతం దగ్గర క్షేత్రం చోటుచోటుకూ మారుతుంది గనుక దగ్గరి కొన మీది బలమే మించుతుంది. అనగా సూదిని త్రిప్పేది క్షేత్రం. కదిలించేది క్షేత్రంలోని హెచ్చుతగ్గులు. పెద్ద అయస్కాంతమైతే చాలు, దేనినైనా లాగుతుందనుకోవటం పొరపాటు.

ఇక సూదికి బదులు కంటికి కనబడని నలుసులను తీసుకొందాం. సిరాలోను పాలలోను అడుగున పేరుకోకుండా వ్రేలాడే ఇటువంటి నలుసులనే కొల్లాయిడ్ కణాలంటారు. వీటిని నడిపించటంలో మరొక చిక్కున్నది. నీటి అణువులు నాలుగు ప్రక్కలనుంచీ ఎడతెగకుండా కొడుతూ ఉండటంవల్ల ఇవి ఒక్క క్షణమైనా నిలకడగా ఉండవు. 1827లో రాబర్ట్ బ్రౌన్ సూక్ష్మదర్శినిలో చూచిన గంతులు ఇవే. ఈ తాకిడితో అయస్కాంతం పోటీపడాలి.

ఆ పోటీ ఎటువంటిదో ఒక లెక్క చూపుతుంది. మాగ్నటైటు అనే ఇనుప ఆక్సైడు నలుసు ఒకటి నీటిలో ఉన్నదనుకొందాం. దాని వ్యాసం 10 నానోమీటర్లు, అనగా మిల్లీమీటరులో లక్షవ వంతు. సెంటీమీటరు దూరంలో టెస్లాలో పదవ వంతు మారే క్షేత్రం, అంటే మంచి అయస్కాంతమే, దానిని సెకనుకు సుమారు 25 నానోమీటర్లు మాత్రమే నడపగలదు. అదే సెకనులో అణువుల తాకిడికి ఆ నలుసు ఏదో ఒక ప్రక్కకు 9000 నానోమీటర్ల వరకు జరిగిపోతుంది! ఒక్క సెంటీమీటరు నడవటానికి దానికి నాలుగున్నర రోజులు పడుతుంది.

ఈ ఓటమే పనికివచ్చిన సందర్భం ఒకటున్నది. భారరహిత స్థితిలో రాకెట్టు ఇంధనం తొట్టిలో ఎటుపడితే అటు చెదరిపోతుంది. 1963లో అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన స్టీఫెన్ పాపెల్ మాగ్నటైటును మరలో నూరి, ఒలియిక్ ఆమ్లపు పూతతో ద్రవంలో కలిపాడు. నలుసులు విడిగా అయస్కాంతం దగ్గరకు చేరిపోకుండా, ద్రవాన్నంతటినీ తమతో లాగుకొనిపోయాయి. ఇంధనానికి ఈ పద్ధతి వాడుకలోకి రాలేదు గాని, ఆ నల్లని ద్రవం లౌడుస్పీకర్లలోను, తిరిగే ఇరుసుల చుట్టూ సందులను మూయటానికీ పనికివచ్చింది.

నలుసులనే ద్రవంనుంచి వేరుచేయాలంటే వాటిని పెద్దవి చేయాలి. వ్యాసం రెట్టింపైతే లాగే బలం ఎనిమిది రెట్లవుతుంది, నీటి అడ్డు రెండు రెట్లే అవుతుంది. వేగం నాలుగింతలు పెరుగుతుంది. అయితే పెద్ద మాగ్నటైటు నలుసు అయస్కాంతాన్ని తీసివేసిన తరువాత కూడా తానే చిన్న అయస్కాంతంగా మిగిలి, తోటి నలుసులతో ముద్దకడుతుంది. చాలా చిన్న రేణువుల్లో ఆ జ్ఞాపకం నిలవదు. ఉష్ణమే దానిని చెరిపివేస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ 1949లో దీనిని వివరించాడు. కాబట్టి ఉపాయం ఒక్కటే: పెద్ద పూసలో చిన్న రేణువులను కూర్చటం. నార్వేలో యాన్ ఉగెల్‌స్టాడ్ 1976లో అన్నీ ఒకే పరిమాణంలో ఉండే పాలిస్టైరీన్ పూసలను తయారుచేశాడు. తరువాత వాటి రంధ్రాలలో ఇనుప ఆక్సైడును నింపాడు.

ఈ పూసలు 1984 నాటికి లండనులో రోగుల దగ్గరకు చేరాయి. న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సరు పసిపిల్లలకు వస్తుంది. దానికి ఇచ్చే తీవ్రమైన మందులు ఎముకలలోని మూలుగను కూడా చంపుతాయి. అందువల్ల మూలుగను ముందే తీసి దాచి, చికిత్స అయిన తరువాత తిరిగి ఎక్కిస్తారు. దాచిన మూలుగలోనే క్యాన్సరు కణాలు దాగి ఉంటే? ఆ కణాలనే గుర్తుపట్టే ప్రతిరక్షకాలను పూసలకు అంటించి మూలుగలో కలిపారు; ఆ మూలుగను అయస్కాంతాల ప్రక్కగా ప్రవహింపజేశారు. పూసలు పట్టుకొన్న కణాలు అక్కడే ఆగిపోయాయి, తక్కినవి ముందుకు సాగాయి.

పని చక్కగానే జరిగింది. కాని 2013లో ప్రకటితమైన ఒక పెద్ద అమెరికా పరీక్షలో, రక్తంనుంచి సేకరించిన మూలకణాలను ఇలా శుభ్రపరచి ఎక్కించిన పిల్లలకు, శుభ్రపరచకుండా ఎక్కించిన పిల్లలకంటె ఎక్కువ మేలు కనబడలేదు. దాచిన కణాలను వడగట్టినా, శరీరంలో మిగిలిన రోగాన్ని అయస్కాంతం అందుకోలేదు గదా.

పూసలు మాత్రం ప్రయోగశాలలను వదలలేదు. 2020లో కరోనా పరీక్షలు చేసిన అనేక యంత్రాలలో, ముక్కునుంచి తీసిన నమూనాలోని వైరస్ ఆర్.ఎన్.ఎ.ను పట్టి వేరుచేసినవి ఇటువంటి పూసలే. గొట్టం ప్రక్కకు అయస్కాంతం వస్తే అవి గోడకు అంటుకొంటాయి. మురికి ద్రవాన్ని తీసివేసి, అయస్కాంతాన్ని తొలగిస్తే మళ్లీ విడివడి నీటిలో కలుస్తాయి.