“ఇది టైపురైటరు కాదు”

ఒక ఉత్తరమును ఫలానా చోటికి పంపుమని కంప్యూటరును ఆజ్ఞాపించగా, అది “టైపురైటరు కాదు” అని బదులు చెప్పినచో ఎవరికైనను నవ్వు వచ్చును. ఉత్తరము తొందరదైనచో కోపమును వచ్చును. యూనిక్సు వాడుకరులకు ఈ రెండును చిరపరిచితములే. యంత్రమునకును మనిషికిని నడుమ నిలిచి పనులు నడుపు ప్రోగ్రామును ఆపరేటింగు సిస్టము అందురు, యూనిక్సు అట్టిది.

సికింద్రాబాదు కాప్రా ప్రాంతమున నేటికిని ఒక కూడలిని ఈ.సి.ఐ.ఎల్. పేరుతోనే పిలుచుచున్నారు. 1967లో ఏర్పడిన ఆ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, ‘ట్రాంబే డిజిటల్ కంప్యూటరు’ అను అర్థమిచ్చు టి.డి.సి. యంత్రములను తయారుచేసినది. ఆ సంస్థ పుట్టిన రెండేండ్లకు, 1969లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు పి.డి.పి.-7 అను చిన్న కంప్యూటరుపై యూనిక్సును ఆరంభించిరి. ఆనాడు కంప్యూటరుతో మాటాడుటకు తరచుగా వాడినది తెర కాదు, టెలిటైపు. మోడల్ 33 టెలిటైపు సెకనుకు 10 అక్షరములే అచ్చొత్తును. అందుచే ఆజ్ఞలు పొట్టివయ్యెను: నకలు తీయుటకు ‘సి.పి.’, చెరుపుటకు ‘ఆర్.ఎం.’. ఫైలును సృష్టించు ‘క్రియేట్’ అను పిలుపులో చివరి ‘ఇ’ కూడ ఎగిరిపోయినది. యూనిక్సును మరల వ్రాసినచో ఏమి మార్చెదరని అడుగగా, ఆ ‘ఇ’ని చేర్చెదనని థాంప్సన్ అనెనట!

ఇక టైపురైటరు సంగతి. ప్రోగ్రాము తాను వ్రాయబోవునది టెలిటైపు మీదనా, ఫైలులోనా అని ముందుగా విచారించుకొనును. ఫైలైనచో సిస్టము “టైపురైటరు కాదు” అను అర్థముగల 25 అను సంఖ్యను ఒక చోట వ్రాసియుంచును. ఇది తప్పు కాదు, సమాధానము మాత్రమే. తరువాత వేరొక కారణమున, ఉదాహరణకు ఉత్తరము చేరవలసిన యంత్రము పేరు తెలియక, పని చెడును. అజాగ్రత్తగా వ్రాసిన ప్రోగ్రాము అసలు కారణమును వెదకక, ఆ చోటనున్న పాత సంఖ్యను చూచి దాని అర్థమును ప్రకటించును. క్రిందటి పీరియడులోని లెక్కను నల్లబల్లపై తుడువక, చరిత్ర పాఠమున దానిని చదివినట్లు! తరువాతి కాలమున కొన్ని సిస్టములలో ఈ మాటలను సవరించి పారిభాషిక పదములతో నింపిరి. ఇప్పుడు నవ్వును రాదు, అర్థమును కాదు.

నవ్వులాటకు లొంగనిది ‘ఆర్.ఎం.’. నక్షత్రపు గుర్తునకు ‘అన్ని పేర్లు’ అని అర్థము. ‘.ఓ’ తోకగల ఫైళ్లను మాత్రమే చెరుపదలచి, నక్షత్రపు గుర్తునకును తోకకును నడుమ పొరపాటున ఖాళీ విడిచినచో, ఆ గుర్తు ఒంటరిదై అక్కడి ఫైళ్లన్నింటిని సూచించును. ఆ గుర్తును పేర్లుగా విప్పునది ఆజ్ఞలు చదువు ‘షెల్’ అను ప్రోగ్రాము. ‘ఆర్.ఎం.’కు చేరునది పేర్ల పట్టిక మాత్రమే. కనుక అది అనుమానపడుటకు తావులేదు. ఒక్క ఖాళీతో నెలల శ్రమ పోవును. ఇట్టి కష్టములను ఏకరువు పెట్టుచు 1994లో ‘యూనిక్స్ హేటర్స్ హ్యాండ్‌బుక్’ అను గ్రంథము వెలువడినది. దానికి ప్రతికూల పీఠికను వ్రాసినవాడు సాక్షాత్తు డెన్నిస్ రిచీయే.

యూనిక్సులో నడుచు ప్రతి పనికిని తల్లి యుండును. బిడ్డ పని ముగిసినను, దాని ఫలితమును తల్లి అడిగి తెలిసికొనువరకు పట్టికలో దాని పేరు నిలిచియుండును. దీనిని ‘జాంబీ’ అందురు. కర్మ జరుగని ప్రేతమనినచో మనవారికి సులభముగా తెలియును. చచ్చినదానిని మరల చంపలేము గనుక ‘కిల్’ అను ఆజ్ఞ దానిపై పనిచేయదు. తల్లి గతించినచో మొదటి సంఖ్యగల పని సాధారణముగా దానిని దత్తు తీసికొని ఆ కర్మ ముగించును.

1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు యూనిక్సు పోలికలోనిదే. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థవారు దానిని తెలుగులోనికి తెచ్చుటకు కృషి చేసిరి. తెలుగు వచ్చుటతో క్రొత్త చిక్కులును వచ్చినవి. ‘స్త్రీ’ అను మాటలో బడిపిల్లవానికి కనిపించునది ఒకే అక్షరము. యూనికోడులో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను ఆరు సంకేతములు, యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు. లెక్కించు ‘డబ్ల్యు.సి.’ ఆజ్ఞను బైట్లు అడిగినచో 18 అనును, అక్షరములు అడిగినచో 6 అనును. ఈ రెండింటిలో దేనినడిగినను 1 అని చెప్పదు! పంక్తి చివరి గుర్తు కూడ చేరినచో ఈ సంఖ్యలు 19, 7 అగును. పాఠశాలలో లినక్సు కంప్యూటరున్నచో విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. పిమ్మట ‘క్ష్మి’ అను అక్షరమునకు ఎన్ని బైట్లో ముందుగా కాగితముపై లెక్కించి, యంత్రముతో సరిచూడవలెను.