చివరి మాటలు

మరణానికి ముందు ఒక వ్యక్తి పలికిన ఆఖరి పలుకులను చివరి మాటలు లేదా అంతిమ వాక్కులు అంటారు. ప్రసిద్ధ వ్యక్తుల జీవిత చరిత్రలలో వీటికి ప్రత్యేక స్థానం ఉన్నది. పలికినవారిని మరల అడిగి నిర్ధారించుకొనే వీలు లేదు. కనుక దగ్గర ఉన్నవారు ఎవరు, వారు ఏమి విన్నారు, ఎప్పుడు వ్రాశారు అన్న విషయాలపైననే వీటి ప్రామాణికత ఆధారపడి ఉంటుంది. బహుళ ప్రచారం పొందిన చివరి మాటలలో అనేకం ఈ పరీక్షకు నిలవవు.

భారతీయ సంప్రదాయం

అంత్యకాలంలో దేనిని స్మరిస్తే జీవుడు దానినే పొందుతాడని భగవద్గీత 8వ అధ్యాయం చెబుతుంది. భాగవతం షష్ఠ స్కంధంలోని అజామిళుని కథ ఈ విశ్వాసానికి ప్రసిద్ధ ఉదాహరణ. దురాచారుడైన అజామిళుడు మరణభయంతో తన చిన్న కుమారుని "నారాయణా" అని పిలుస్తాడు. కొడుకును పిలిచినా, నోట వచ్చినది భగవన్నామమే కావటంతో విష్ణుదూతలు వచ్చి యమభటులను అడ్డుకుంటారు. పోతన పేరిట ప్రసిద్ధమైన తెలుగు భాగవతంలో ఈ స్కంధాన్ని రచించినది ఏర్చూరి సింగన. చివరి మాట ఏమిటన్నది ఇక్కడ కేవలం చారిత్రక కుతూహలం కాదు, జీవుని గతిని నిర్ణయించే విషయం.

పాశ్చాత్య చరిత్రలో

క్రీ.పూ. 399లో ఏథెన్స్ నగరంలో విషపానంతో మరణించిన సోక్రటీసు, వైద్యదేవత అస్క్లీపియస్‌కు ఒక కోడిపుంజు బాకీ ఉన్నదని, మరువక చెల్లించమని మిత్రుడు క్రిటోకు చెప్పినట్లు ప్లేటో వ్రాశాడు. జీవితమనే రోగం నయమైనందుకు మ్రొక్కుబడి అని కొందరు, నిజంగానే తీర్చవలసిన మ్రొక్కు అని మరికొందరు దీనిని వ్యాఖ్యానించారు. అయితే అస్వస్థత వల్ల ప్లేటో ఆ రోజు అక్కడ లేడని అతని గ్రంథమే తెలుపుతున్నది.

క్రీ.పూ. 44లో హత్యకు గురైన జూలియస్ సీజర్, బ్రూటస్‌ను ఉద్దేశించి అన్నట్లు లోకంలో వ్యాపించిన లాటిన్ మాటకు ప్రాచుర్యం కల్పించినది షేక్‌స్పియర్ నాటకం. రోమన్ రచయిత సూటోనియస్ ప్రకారం సీజర్ మాట లేకుండానే పడిపోయాడు. గ్రీకు భాషలో ఏదో అన్నాడని కొందరు చెప్పుకొనేవారని మాత్రం ఆయన జతచేశాడు. జర్మన్ కవి గేథే 1832లో మరణిస్తూ ఇంకా వెలుగు కావాలన్నాడని లోకానికి తెలిపిన వైద్యుడు ఆ క్షణంలో గదిలో లేడు. 1955 ఏప్రిల్ 18న ప్రిన్స్‌టన్ ఆసుపత్రిలో మరణించిన ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ విషయం ఇందుకు భిన్నం. ఆయన చివరిగా జర్మన్ భాషలో ఏదో పలికాడు. విన్న నర్సుకు ఆ భాష తెలియకపోవటం వల్ల ఆ మాటలు ఎవరికీ దక్కలేదు.

మహాత్మా గాంధీ

భారతదేశంలో అత్యధికంగా చర్చ జరిగిన చివరి మాట గాంధీ పలికినట్లు చెప్పబడే "హే రామ్". ఢిల్లీలో ఆయన దహన సంస్కారం జరిగిన రాజఘాట్‌లోని నల్లరాతి వేదికపై ఈ మాటే చెక్కబడి ఉన్నది.

రామనామం గాంధీకి చివరి క్షణంలో కొత్తగా తోచినది కాదు. బాల్యంలో దయ్యాల భయం పోవటానికి ఇంటి దాసి రంభ ఆయనకు దానిని నేర్పినది. 1948 జనవరి 20న బిర్లా భవనంలో ప్రార్థనా సభ వద్ద బాంబు ప్రేలింది. 29వ తేదీ రాత్రి ఆయన వరుసకు మనుమరాలైన మనూ గాంధీతో ఒక మాట చెప్పినట్లు ఆమె వ్రాసినది. తాను రోగంతో మరణిస్తే తనను బూటకపు మహాత్ముడని చాటమని, ఎవరైనా కాల్చినపుడు మూలుగు లేకుండా రామనామంతో పోతేనే నిజమైన మహాత్ముడని చెప్పమని ఆ మాటల సారాంశం.

మరునాడు సర్దార్ పటేల్‌తో సంభాషణ వల్ల ప్రార్థనకు ఆలస్యమైనది. మనూ, ఆభాల భుజాలపై చేతులు వేసి గాంధీ వేగంగా నడుస్తుండగా నాథూరామ్ గాడ్సే అడ్డు వచ్చి, మనూను ప్రక్కకు త్రోసి, మూడు సార్లు కాల్చాడు. అప్పుడు సమయం సాయంత్రం 5 గంటల 17 నిమిషాలు. గాంధీ "హే రామ్" అంటూ ఒరిగిపోయారని మనూ వ్రాసినది. ముందు రాత్రి ఆ కోరికను విన్న వ్యక్తి, మరునాడు ఆ మాటను విన్న వ్యక్తి ఒకరే కావటం సందేహించేవారికి ఒక ఆధారమైనది. అయితే ఆమె ఆయనకు తగిలేటంత దగ్గరగా ఉన్న సాక్షి అన్నది కూడా విస్మరించరాదు. గాడ్సే సోదరుడు గోపాల్ గాడ్సే ఈ మాటను పూర్తిగా త్రోసిపుచ్చాడు. కుట్ర కేసులో శిక్ష అనుభవించిన అతనిని తటస్థ సాక్షిగా పరిగణించటం కష్టం.

గాంధీ కార్యదర్శి వి. కల్యాణం ఆ సమయంలో కొన్ని అడుగుల వెనుక ఉన్నాడు. గాంధీ ఆ మాట అనలేదని ఆయన చెప్పినట్లు 2006లో పత్రికలలో వచ్చి వివాదమైనది. 2018లో ఆయన దీనికి వివరణ ఇస్తూ, గాంధీ అనలేదని తాను ఎన్నడూ చెప్పలేదని, ఆ గందరగోళంలో తనకు వినబడలేదని మాత్రమే చెప్పానని అన్నాడు.