కృష్ణబిలము చెంత వెలుగు

2018 మార్చి 11వ తేదీన, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునందు జపాను శాస్త్రజ్ఞులు అమర్చిన మాక్సి అను పరికరము, ఓఫియూకస్ తారామండలములో అంతకుముందెవరి దృష్టికిని రాని ఎక్స్-కిరణ జ్యోతి నొకదానిని కనిపెట్టినది. మాక్సి జె1820+070 అని పేరువడసిన ఆ తావున, సూర్యునికి సుమారు ఎనిమిది రెట్ల ద్రవ్యరాశిగల కృష్ణబిలమును, సూర్యునికంటె తక్కువ ద్రవ్యరాశిగల నక్షత్రమును, దాదాపు 16½ గంటల కొకమారు పరస్పరము పరిభ్రమించుచున్నవి. పూర్వపు ఛాయాచిత్ర ఫలకములను వెదకి చూడగా, 1898లోను 1934లోను గూడ అది ఇట్లే ప్రజ్వరిల్లినట్లు తేలినది.

నక్షత్రమునుండి జారిన వాయువు తిన్నగా బిలమున పడక, పరిభ్రమణ వేగముచేత దానిచుట్టు పళ్లెమువలె పరచుకొని ఏండ్లతరబడి పోగుపడును. ఆ పోగు మితిమీరి, వేడిమికి హైడ్రోజను పరమాణువులు విచ్ఛిన్నము కాగానే, వాయువులోని ఒరపిడి హెచ్చి, కట్ట తెగిన చెరువువలె నిలువయున్న ద్రవ్యము లోనికి వెల్లువగా దొరలును. కృష్ణబిలము తానై వెలుగీయదు. మన కందునదంతయు, అందు పడిపోవుటకు ముందు ఆ వాయువు వెలార్చిన కాంతియే.

ఆ కాంతిలో ఏ శక్తిగల కిరణములు ఎంతెంత పాలున్నవో తెలుపునది వర్ణపటము. బిలమును సమీపించిన పళ్లెపుటంచు కోటి డిగ్రీల వేడిమితో తక్కువ శక్తిగల మృదు కిరణములను వెలువరించును. దానిచెంతనే కరోనా యను పలుచని వాయువు నూరుకోట్ల డిగ్రీల వేడిమితో, ఆ మృదు కిరణములనే ఎలక్ట్రానులచేత తాటించి ఎక్కువ శక్తిగల కఠిన కిరణములుగా మార్చును. 2018 నాటి ప్రజ్వలనము తొలుత కఠిన కిరణములతో సాగి, జూలైలో మృదుదశకు మారి, సెప్టెంబరు చివర మరల కఠినదశకు వచ్చినది. ఇట్టి జంటలలో సామాన్యముగా, కఠినమునుండి మృదువునకు మారుట మిక్కిలి ప్రకాశమున జరుగగా, తిరుగుదారి మాత్రము వెలుగు చాల తగ్గినపుడే జరుగును. అందరును అంగీకరించిన హేతువు దీనికింకను దొరకలేదు. ఈ రంగమున నాకు అన్నిటికంటె గహనముగా తోచు ప్రశ్న యిదియే.

కరోనా కాంతి కొంత నేరుగా మనవైపు వచ్చును. కొంత పళ్లెముపై బడి, వర్ణపటములో 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల చెంత ఇనుము గీతను మేల్కొలిపి, కించిదాలస్యముగా వచ్చును. బావిలో కేకవేసి మారుమ్రోత ఆలస్యమునుబట్టి లోతు గ్రహించినట్లు, ఖగోళశాస్త్రజ్ఞురాలు ఎరిన్ కారా బృందమువారు ఆ ఆలస్యమును కొలిచి, వారములు గడచినకొలది అది తగ్గుచుండగా ఇనుము గీత రూపము మాత్రము అంతగా మారకుండుట గమనించి, కుంచించుకొనిపోయినది కరోనాయే గాని పళ్లెపుటంచు జరుగలేదని 2019లో ప్రకటించిరి. ఏకీభవింపనివారును కలరు, వాదమింకను ముగియలేదు.

మన శ్రీహరికోటనుండి 2015 సెప్టెంబరు 28న ఎగసిన ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహము, మృదు కఠిన కిరణములను రెంటిని ఏకకాలమున పరికింపగల సాధనములతో, ఈ జంటనుగూడ 2018లో పరిశీలించినది. నిర్ణీత కాలము గడచిన పిమ్మట ఆ పరిశీలనల దత్తాంశము ఇస్రోవారి భాండారమున అందరికిని అందుబాటులోనికి వచ్చును. భౌతికశాస్త్రము చదువు మన విద్యార్థులు దానిని తెరచి, ఒక్క వర్ణపటమునైనను స్వయముగా గీచి చూడవలెనని నా ప్రార్థన.