దర్జీ సహోదరుని కొలతల పుస్తకము



2022లో ఒక శనివారం సాయంత్రం ఆదివారపు ప్రసంగమునకు సిద్ధపడుతూ ఉండగా మా సంఘ సహోదరుడొకరు ఇంటికి వచ్చాడు. మండల కేంద్రంలో బస్టాండు దగ్గర అతనికి దర్జీ దుకాణం ఉంది. రెండు మిషన్లు. పద్నాలుగేళ్ళుగా అదే పని. భార్య ఇంట్లోనే జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. ఇద్దరు పిల్లలు. అప్పటికి మూడు అద్దె ఇళ్ళు మారారు. అత్తగారు కూతురి పేరున రాసిచ్చిన 3 సెంట్ల స్థలం మాత్రం ఖాళీగా ఉంది.

“అయ్యగారూ, ఇంటి లోను కోసం బ్యాంకుకు వెళ్ళొచ్చాను. 12 లక్షలు అడిగాను. జీతం కాగితం లేదు, ఇన్‌కంటాక్సు రిటర్నులు లేవు, ఇవ్వడం కుదరదన్నారు” అన్నాడు. కాసేపు తలవంచుకుని కూర్చుని, జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఎవరో ఏజెంటు టైపు చేయించి ఇచ్చాడట. అతడు మన సంఘములో జీతం మీద పనిచేస్తున్నట్లు, నెలకు ఇంత ఇస్తున్నట్లు అందులో రాసి ఉంది. “సంఘము లెటరుహెడ్డు మీద మీరు సంతకం పెడితే చాలండి. వాయిదాలు నేను తప్పకుండా కడతాను. ఎవరికీ నష్టం లేదు కదా!”

నిజం చెబుతున్నాను, నా మనస్సు ఊగింది. మంచివాడు. దశమభాగము ఎగ్గొట్టినవాడు కాడు. అతని కష్టం నాకు తెలుసు. ఒక్క సంతకంతో అతనికి ఇల్లు వస్తుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి ఆరాధనలో చదవవలసిన భాగము చూచుకుంటే, అబద్ధపు కాగితం జేబులో పెట్టుకుని ఆ బల్ల దగ్గర నిలబడలేననిపించింది. “తమ్ముడూ, ఈ సంతకం నేను పెట్టలేను” అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. తరువాత మూడు ఆదివారములు మందిరమునకు రాలేదు.

దుకాణంలో కనబడినది

నాలుగో వారం నేనే దుకాణానికి వెళ్ళాను. మాట్లాడుతూ ఉండగా ఒక లావుపాటి పుస్తకం కనబడింది. కొలతల పుస్తకం. ఎవరి ఛాతీ ఎంత, చెయ్యి పొడవెంత, ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఎప్పుడు ఇవ్వాలి, అన్నీ తేదీలతో ఉన్నాయి. “ఊరందరి కొలతలు ఇంత చక్కగా రాశావే. నీ సంపాదన కొలత ఎక్కడ రాశావు?” అని అడిగాను. అతడు నవ్వేశాడు. అదే మా ఇద్దరి మధ్య రాజీ.

ప్రియులారా, సొంత పని చేసుకునేవారికి ఇంటి లోను రాదనుకోవడం పొరపాటు. ఉద్యోగస్తుని ఆదాయమును యజమాని ఇచ్చే కాగితం చెబుతుంది. దర్జీ, మేస్త్రీ, ఆటో నడిపేవాడు, కిరాణా కొట్టు పెట్టుకున్నవాడు తన ఆదాయమును తానే చెప్పుకోవాలి. ఆ మాట నమ్మదగినదని చూపించడానికి కాలం పడుతుంది. కాబట్టి ఇల్లు కావాలనుకున్న రోజున కాదు, దానికి రెండు మూడేళ్ళ ముందే లెక్క మొదలు కావాలి.

బ్యాంకు ఏమి చూస్తుంది?

మా సంఘపెద్దలలో ఒకరు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ప్రతి శుక్రవారం సాయంత్రం దుకాణంలో కూర్చుని సహోదరునికి నేర్పించారు. ఆయన చెప్పినవి మీ కొరకు రాస్తున్నాను.

మొదటిది రోజువారీ లెక్క. ఎంత వచ్చింది, దారాలకు, లైనింగుకు, కరెంటుకు, అద్దెకు ఎంత పోయింది, సాయంత్రం దుకాణం మూయకముందే రాయాలి.

రెండవది బ్యాంకు ఖాతా. చేతికి వచ్చిన డబ్బు చేతి మీదుగానే ఖర్చయిపోతే అది వచ్చినట్లు సాక్ష్యము లేదు. వచ్చినది ఖాతాలో వేసి, అవసరానికి అందులోంచే తీయాలి. ఫోనులో డబ్బు పంపేవారి కోసం దుకాణంలో క్యూఆర్ కోడ్ అంటించుకుంటే ఆ లెక్క దానంతటదే నిలుస్తుంది.

మూడవది ఇన్‌కంటాక్సు రిటర్ను. సాధారణంగా బ్యాంకులు రెండు మూడేళ్ళ రిటర్నులు అడుగుతాయి. ఆ ఏళ్ళన్నిటివీ లోనుకు ముందు ఒకేసారి దాఖలు చేస్తే అధికారికి అనుమానం వస్తుంది. ఏ ఏటిది ఆ ఏడే వేయాలి.

నాలుగవది పాత అప్పుల చరిత్ర. సిబిల్ వంటి సంస్థలు 300 నుండి 900 వరకు మార్కులు వేస్తాయి. 750 దాటితే మంచిదంటారు. బండి లోను, సెల్‌ఫోను వాయిదా ఆలస్యమైనా అక్కడ కనబడుతుంది. ఏడాదికి ఒకసారి మన రిపోర్టును మనం ఉచితంగా తెప్పించుకుని చూచుకోవచ్చు.

తక్కువ చూపించినవాడికి తక్కువే

ఇక్కడ చాలామంది పడిపోయే గుంట ఒకటి ఉంది. చిన్న వ్యాపారులు పెద్ద పద్దులు రాయకుండా, మొత్తం రాబడిలో కనీసం 8 శాతం (బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా వచ్చినదానిపై 6 శాతం) లాభంగా చూపి రిటర్ను వేసే సులభ పద్ధతి ఉంది. అది కనీస హద్దు మాత్రమే. నిజముగా మిగిలినది అంతకంటె ఎక్కువైతే ఎక్కువే చూపాలి. ఏడాదికి 6 లక్షల రాబడి ఉన్న దర్జీ 8 శాతమే చూపితే కాగితం మీద అతని ఆదాయం 48,000. అంటే నెలకు 4,000! ఆ కాగితం పట్టుకుని వెళితే ఏ బ్యాంకు ఇల్లు కట్టడానికి డబ్బిస్తుంది?

పన్ను భయంతో తగ్గించామంటారు కొందరు. 2025–26 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త పన్ను పద్ధతిలో ఏడాదికి 12 లక్షల వరకు సంపాదించే చిన్న వ్యాపారికి పన్ను పడదు. భయపడవలసినది లేనిచోట భయపడి, రావలసిన ఆశీర్వాదమును మనమే ఆపుకుంటున్నాము. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదట్లోనే ఉంది. ఎక్కువ తూచేది మాత్రమే కాదు, తక్కువ తూచేది కూడా దొంగ త్రాసే.

ఎంత తీసుకోవాలి?

30 లక్షల లోపు లోనులకు ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు నియమం. కనీసం పదోవంతు మన చేతిలో ఉండాలన్నమాట. ఇల్లు కట్టుకునేవారికి డబ్బంతా ఒకేసారి రాదు. పునాది, లింటెల్, స్లాబు, ఇలా పని జరిగేకొద్దీ వస్తుంది.

లెక్క కోసం 8 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకోండి. 20 ఏళ్ళకైతే నెలకు 7,198 రూపాయలు. మొత్తం కట్టేది సుమారు 17 లక్షల 27 వేలు. 15 ఏళ్ళకైతే నెలకు 8,114. మొత్తం సుమారు 14 లక్షల 60 వేలు. నెలకు 916 రూపాయలు ఎక్కువ కట్టగలిగితే 2 లక్షల 67 వేలు మిగులుతుంది. ఊళ్ళో నూటికి 3 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతమని మరువకండి. వడ్డీ రేటు మారే పద్ధతిలో మన పేరున తీసుకున్న ఇంటి లోనును ముందుగా తీర్చివేస్తే అపరాధ రుసుము వేయకూడదు. పండుగ గిరాకీలో నాలుగు డబ్బులు మిగిలితే అసలులో వేయండి.

దర్జీకి పెళ్ళిళ్ళ కాలం, జూన్‌లో బడి యూనిఫారాలు, క్రిస్మసు, సంక్రాంతి పంట. ఆషాఢం, మూఢం ఎండకాలం. బ్యాంకు వాయిదాకు మూఢం లేదు. కనీసం ఆరు నెలల వాయిదాల సొమ్ము పక్కన పెట్టాకే అప్పు సంతకం చేయాలి. గోపురము కట్టగోరువాడు మొదట లెక్క వేసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా 14లో చదవండి.

వాయిదా 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండిబాకీ అవుతుంది. తరువాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంది. జబ్బు చేసినా, పని తగ్గినా ముఖం చాటేయకండి. మొదటి నెలలోనే వెళ్ళి చెప్పండి.

స్థలం కాగితాలు, జామీను

స్థలం పత్రం, దాని వెనుకటి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పంచాయతీ ఆమోదించిన ప్లాను, ఇవి ముందే సరిచూచుకోవాలి. తాతల నాటి గ్రామకంఠం స్థలాలకు చాలాచోట్ల పత్రమే ఉండదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకము క్రింద కొన్ని గ్రామాలలో ఆస్తి కార్డులు ఇచ్చారు. మీ ఊరి సంగతి పంచాయతీలో అడగండి. అప్పు తీరాక అసలు పత్రాలను 30 రోజులలోగా తిరిగి ఇవ్వాలనీ, బ్యాంకు తప్పు వలన ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుండి ఇది అమలులో ఉంది.

ఇంకొకరి అప్పుకు జామీను సంతకం మొహమాటానికి చేయకండి. అతడు కట్టకపోతే ఆ అప్పు పూర్తిగా మీదే. సామెతలు 6, 22 అధ్యాయములు ఇందుకే హెచ్చరిస్తున్నాయి.

రెండేళ్ళ తరువాత

మా సహోదరుడు 2023లో ఒకసారి, 2024లో ఒకసారి నిజమైన ఆదాయముతో రిటర్నులు వేశాడు. స్థలం ఆమె పేరున ఉంది, మగ్గం పని ఆదాయం కూడా ఖాతాలో కనబడుతోంది గనుక, భార్యాభర్తలిద్దరూ కలిసి దరఖాస్తు పెట్టారు. 12 లక్షలు అడిగినచోట 8 లక్షలే వచ్చింది. మూడు గదులనుకున్నవి రెండయ్యాయి. “అయ్యగారూ, అప్పుడు మీరు సంతకం పెట్టి ఉంటే 12 లక్షలకు వాయిదా కట్టలేక ఈపాటికి స్థలం కూడా పోగొట్టుకునేవాడిని” అన్నాడు.

ఆ సంవత్సరాలలో వారు కట్టిన అద్దె వాళ్ళకు తిరిగి రాదు. నిజం పలకడానికి ఖర్చు అవుతుంది. అది నాకు తెలుసు. నెహెమ్యా 5వ అధ్యాయములో పొలములు, ఇండ్లు కుదువబెట్టి ఏడ్చిన కుటుంబములున్నాయి. అటువంటి ఏడ్పు మన సంఘములలో వినబడకూడదనే ఈ మాటలు రాశాను. సంఘములలోని చదువుకున్న పెద్దలారా, నెలకు ఒక సాయంత్రం ఇటువంటి సహోదరుల ప్రక్కన కూర్చోండి. అది కూడా పరిచర్యే.

అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టి బ్రదికినవారు. వారి ఇంటిలోనే సంఘము కూడుకొనెను. 2025లో మా దర్జీ సహోదరుని కొత్త ఇంట్లో ప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. ఇప్పుడు బుధవారపు కుటుంబ కూడిక ఆ ముందు గదిలోనే పెట్టుకుంటున్నాము. చోటు చాలక పిల్లలు గడప మీద కూర్చుంటున్నారు.

ఈ నెలలోనే ఒక నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో ఈనాటి తేదీ వేసి, ఈనాటి రాబడి ఉన్నదున్నట్లు రాయండి. ప్రభువు మీ చేతిపనిని, మీ గృహమును దీవించును గాక. ఆమేన్.